షాకబ్జార్బర్లు మాటిమాటికీ పోతున్నాయా? బంప్ స్టాపర్లతో కలిపి మార్చుకునే విధానం

"షాకబ్జార్బర్లు వేయించి ఏడాది కూడా కాలేదు, మళ్లీ నూనె కారుతోంది, మార్కెట్లో దొరికేదంతా నకిలీ సరుకేనా?" అని పాత టాటా 407లు, పికప్‌లు నడిపేవారు పదే పదే అడుగుతున్నారు. నకిలీ సరుకు లేదని నేను అనను. అయితే ఈ ప్రశ్న వేసిన వారి బళ్ల కిందికి దూరి చూసినప్పుడు ఎక్కువసార్లు కనిపించింది వేరే సంగతి. ఛాసీకి, యాక్సిల్‌కు (చక్రాలను కలిపే ఇరుసుకు) మధ్య ఉండవలసిన రబ్బరు దిమ్మె, అంటే బంప్ స్టాపర్, సగం ఊడిపోయి ఉంటుంది, లేదా అది బిగించిన రేకు మాత్రమే మిగిలి ఉంటుంది. స్టాపర్ లేని బండికి ఎంత ఖరీదైన షాకబ్జార్బర్ వేసినా అది ఎక్కువ కాలం నిలవదు. అందువల్ల ఈ రెండు పనులను ఒకే రోజున, ఒకే పనిగా ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఇది ముందు వెనుకలు రెండూ కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద నడిచే టాటా 407 వంటి బళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. ముందు భాగంలో కాయిల్ స్ప్రింగు గాని, టోర్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పని చేసే కడ్డీ) గాని ఉన్న పికప్‌లకు వెనుక భాగం వరకే ఈ విధానాన్ని పాటించండి. స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసి ఒకే స్ట్రట్‌గా ఉన్న బండి అయితే ఆ పనిని ఇంటి దగ్గర అసలు ముట్టుకోవద్దు. నొక్కి ఉంచిన స్ప్రింగు ఒక్కసారి తప్పించుకుంటే ప్రాణానికే ముప్పు.

ఏది పాడైందో ముందు తేల్చుకోండి

బండి మూలను చేత్తో నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష కార్లకు పనికొస్తుంది గాని, కమాన్ కట్టల బండికి అంతగా పనికిరాదు. కట్టలోని ఆకులు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును అవే చాలావరకు అణచివేస్తాయి కాబట్టి, షాకబ్జార్బర్ పూర్తిగా చచ్చిపోయినా బండి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికంటే నమ్మదగిన పరీక్ష ఒకటుంది. గతుకుల దారిలో పది పదిహేను కిలోమీటర్లు నడిపి, ఆపిన వెంటనే నాలుగు షాకబ్జార్బర్ల ఒంటినీ చేతి వెనుక భాగంతో తాకి చూడండి. పని చేస్తున్నది వెచ్చబడుతుంది, పని చేయనిది పక్కనున్న ఛాసీ ఇనుము అంత చల్లగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఇనుమంతా కాలిపోతూ ఉంటుంది కనుక ఈ పరీక్షను తెల్లవారుజామున చేయండి. సైలెన్సర్ గొట్టానికి చేయి తగలకుండా చూసుకోండి.

నూనె విషయంలోనూ తొందరపడకండి. రాడ్డు దగ్గర సన్నని జిడ్డు పొర, దాని మీద దుమ్ము కనిపిస్తే అది సహజమే. తుడిచిన రెండు రోజులకే మళ్లీ తడిసి, కిందివరకు చారలు కట్టి, చివర బొట్టు వేలాడుతుంటే మాత్రం లోపలి సీలు పోయినట్టే. టైరు అంచు మీద ఒక గుంట ఒక మిట్టగా అరుగుదల కనిపించడం, బ్రేకు వేయగానే ముందు భాగం బాగా కుంగిపోవడం కూడా షాకబ్జార్బర్ బలహీనపడిందని చెప్పే గుర్తులే.

స్టాపర్‌ను కంటితోనే పరీక్షించాలి. రబ్బరు పగిలిందా, రేకు నుంచి విడిపోయిందా, దాని కింద యాక్సిల్ మీద ఇనుము గుద్దుకుని మెరుస్తున్న మచ్చ ఉందా అన్నది చూడండి. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు "ధన్" మని ఒకే ఒక పెద్ద చప్పుడు వస్తే అది సాధారణంగా స్టాపర్ తాలూకుదే. చిన్న చిన్న గతుకులకే టకటకమని చప్పుడు వస్తే షాకబ్జార్బర్ కళ్లలోని (రెండు చివర్లలో బోల్టు దూరే రింగుల్లోని) రబ్బరు బుష్‌లను అనుమానించాలి.

కొనబోయే ముందు నాలుగు కొలతలు

ఈ భాగాన్ని చాలామంది దాటవేస్తారు. దయచేసి మీరు ఆ పని చేయవద్దు. ఖాళీ బండిని చదునైన చోట నిలిపి, టేపుతో ఈ కొలతలు తీసి కాగితం మీద రాసుకోండి.

మొదటిది, షాకబ్జార్బర్ పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్య వరకు ఉన్న దూరం. రెండవది, స్టాపర్ బిగించే ఛాసీ రేకు నుంచి కింద అది తగలవలసిన చోటు వరకు ఇనుముకు ఇనుముకు మధ్య ఉన్న దూరం. మూడవది, కొత్త స్టాపర్ ఎత్తు. అరిగిన పాతదాని ఎత్తు కొలిస్తే లెక్క తప్పుతుంది. నాలుగవది, కన్నులోని ఇనుప గొట్టం లోపలి వ్యాసం, దాని పొడవు.

ఉదాహరణకు మొదటి కొలత 420 మి.మీ., రెండవది 140 మి.మీ., స్టాపర్ ఎత్తు 60 మి.మీ. అనుకుందాం. అప్పుడు యాక్సిల్ 80 మి.మీ. పైకి లేవగానే స్టాపర్‌ను తాకుతుంది. స్టాపర్ తన ఎత్తులో సగం, అంటే 30 మి.మీ., నలుగుతుందనుకుంటే ఎంత పెద్ద గుంటలో పడినా షాకబ్జార్బర్ 310 మి.మీ. కంటే పొట్టిగా ముడుచుకోవలసిన అవసరం రాదు. పూర్తిగా మూసుకున్నప్పుడు 290 మి.మీ. ఉండే షాకబ్జార్బర్‌ను వేస్తే 20 మి.మీ. జాగా మిగులుతుంది. అదే స్టాపర్ ఊడిపోయిన బండిలో యాక్సిల్ 140 మి.మీ. వరకు లేవగలదు; షాకబ్జార్బర్ 280కి ముడుచుకోవలసి వస్తుంది, కాని 290 దగ్గరే దాని లోపలి పిస్టన్ అడుగును గుద్దుకుంటుంది. అంటే ఆ క్షణాన బండి బరువునంతా ఆపుతున్నది షాకబ్జార్బరే. అడుగున ఉన్న వాల్వు చితికిపోవడానికీ, రాడ్డు వంగడానికీ, సీలు కోసుకుపోవడానికీ అసలు కారణం ఇదే. షాకబ్జార్బర్ ఏటవాలుగా బిగించి ఉంటే అది ముడుచుకునే దూరం ఇంకా తగ్గుతుంది కాబట్టి ఈ లెక్క మిమ్మల్ని సురక్షితమైన వైపే ఉంచుతుంది.

"కొంచెం పెద్దది వేస్తే ఇంకా మంచిది కదా" అని పొడవైన స్టాపర్ కొనకండి. బరువు వేసిన బండి దాని మీదే కూర్చుని, కమాన్ కట్టలు పని చేయడం మానేస్తాయి. మామూలు లోడుకే స్టాపర్ యాక్సిల్‌ను తాకుతూ ఉంటే అది స్టాపర్ లోపం కాదు. కట్టలు కుంగిపోయాయన్నమాట, లేదా మీరు మోయించవలసిన దానికంటే ఎక్కువ మోయిస్తున్నారన్నమాట. ముందు దాన్ని సరిచేయకుండా ఈ పనికి డబ్బు ఖర్చు పెట్టవద్దు.

హైదరాబాద్‌లో ఈ సామానుకు రాణిగంజ్, పుత్లీబౌలి, వనస్థలిపురం వైపు ఆటోనగర్ వెళ్లడం అలవాటే. పాత భాగాన్ని విప్పగలిగితే దాన్ని చేత పట్టుకుని, లేకపోతే కొలతల కాగితంతో వెళ్లండి; మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు, ఎందుకంటే ఒకే పేరు మీద వేర్వేరు ఏళ్లలో వేర్వేరు బిగింపులు వచ్చాయి. షాకబ్జార్బర్లను ఎప్పుడూ ఒక యాక్సిల్‌కు రెండు చొప్పున జతగానే కొనాలి. రంగు వేసి అమ్మే రీకండిషన్ సరుకు సగం ధరకే దొరుకుతుంది. ఒంటి మీద చిన్న రంధ్రం చేసి నూనె నింపి మూసిన వెల్డింగు మచ్చ కోసం వేలితో తడిమి చూడండి. రాడ్డు మీద క్రోమ్ పూత చుక్కలు చుక్కలుగా లేచి ఉంటే తిరిగి ఇచ్చేయండి. గురువారం జుమేరాత్ బజార్‌లో పాత పానాలు నిశ్చింతగా కొనుక్కోవచ్చు గాని, పాత షాకబ్జార్బర్లను మాత్రం కొనవద్దు.

కావలసినవి

షాకబ్జార్బర్లు ఒక జత, స్టాపర్లు ఒక జత, కొత్త బుష్‌లు (కన్నుల్లో బిగించి రాకపోతే), కొత్త నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి), వాషర్లు. 5 టన్నుల హైడ్రాలిక్ జాకీ ఒకటి, 3 టన్నులు మోయగల స్టాండ్లు రెండు. చక్రాలకు అడ్డు పెట్టడానికి నాలుగు చెక్క దిమ్మెలు. 17, 19, 22, 24 సైజు రింగ్ పానాలు, సాకెట్లు, పానాకు తొడిగి లాగడానికి పొడవాటి గొట్టం ఒకటి, టార్క్ రెంచి, వైర్ బ్రష్, తుప్పు వదిలించే నూనె, సబ్బు నీళ్లు, కళ్లద్దాలు. ఖాళీ బండే రెండు టన్నులకు పైన తూగుతుంది కనుక కారు స్టెప్నీతో వచ్చే కత్తెర జాకీని దగ్గరికి కూడా రానివ్వవద్దు.

పని చేసే క్రమం

1. ముందు రోజు సాయంత్రమే నట్లన్నిటినీ వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా నాననివ్వండి. అది దొరకకపోతే డీజిల్ కూడా పనికొస్తుంది. ఏది వేసినా, మీరు తిరిగి వాడదలచిన రబ్బరు బుష్ మీద పడకుండా చూసుకోండి.

2. బండిని పూర్తిగా ఖాళీ చేసి, సిమెంటు నేల మీద నిలపండి. మట్టి నేలే దిక్కయితే స్టాండ్ల కింద మందపాటి పలకలు వేయండి. వానాకాలంలో తడిసిన నేల మీద ఈ పని పెట్టుకోవద్దు. హ్యాండ్ బ్రేక్ చాలా బళ్లలో వెనుక చక్రాలనే పట్టి ఉంచుతుంది, అందువల్ల వెనుక భాగాన్ని ఎత్తినప్పుడు అది అక్కరకు రాదు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి తీరాలి.

3. చక్రాలు నేల మీద ఉండగానే షాకబ్జార్బర్ నట్లను పావు వంతు తిప్పి వదులు చేయండి. గాలిలో ఎత్తిన బండి కింద పడుకుని గొట్టం వేసి బలంగా లాగితే బండి స్టాండ్ల మీద నుంచి జారే ప్రమాదం ఉంది.

4. జాకీతో ఎత్తి, స్టాండ్లను ఛాసీ కింద రెండు వైపులా పెట్టి, బండిని వాటి మీదికి దించండి. తర్వాత జాకీని యాక్సిల్ కింద మధ్యన పెట్టి, యాక్సిల్ బరువును అది కాస్త మోసేలా ఉంచండి. స్టాపర్‌కు, యాక్సిల్‌కు మధ్య చేతులు దూరేంత జాగా కావాలి కాబట్టి ఛాసీని ఆపి యాక్సిల్‌ను కిందికి వేలాడనివ్వడమే ఇక్కడి కిటుకు. యాక్సిల్‌ను దించేటప్పుడు బ్రేకు హోస్ బిగుసుకుపోతోందా అని చూస్తూ, అది తన్నుకోకముందే ఆపండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి తల కూడా పెట్టవద్దు, ఒక్క నిమిషానికైనా సరే.

5. ముందు ఒక పక్క షాకబ్జార్బర్‌ను మాత్రమే విప్పండి. రెండవ పక్కది అలాగే ఉంటే వాషర్ల వరుస మరచిపోయినప్పుడు చూసుకోవడానికి అదే నమూనా. నట్టు రానప్పుడు గ్యాస్ మంటతో కాల్చడం మన దగ్గర మామూలే గాని, షాకబ్జార్బర్ పక్కన ఆ పని ఎంతమాత్రం చేయవద్దు. లోపల నూనె ఉంటుంది, కొన్నింటిలో ఒత్తిడి మీద గ్యాసు కూడా ఉంటుంది, వేడెక్కితే పేలుతుంది. హ్యాక్సా బ్లేడుతో నట్టును నిలువుగా కోసి చీల్చడం ఆలస్యమైనా క్షేమం.

6. ఇప్పుడు పాత స్టాపర్‌ను విప్పండి. ఈ పనిలో మిమ్మల్ని ఎక్కువగా ఏడిపించేది ఇదే. దాని స్టడ్లు సన్ననివి, ఏళ్ల తరబడి బురదలో నానినవి, అందువల్ల చాలాసార్లు తెగిపోతాయి. తెగితే, మధ్యలో పంచ్ కొట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి, క్రమంగా పెద్దది చేస్తూ ముక్కను బయటికి తీయండి. పాత రంధ్రం పాడైందని ఛాసీ పై అంచులో గాని, కింది అంచులో గాని కొత్త రంధ్రం వేయవద్దు, ఎందుకంటే ఛాసీ బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. స్టాపర్ రేకునే ఛాసీకి వెల్డింగు చేయించడం అంతకంటే చెడ్డ పద్ధతి; బీటలు మొదలయ్యేది సరిగ్గా ఆ చోటే.

7. కూర్చునే చోటును ఇనుము మెరిసేదాకా రుద్ది, ప్రైమర్ పూసి, ఆరిన తర్వాత కొత్త స్టాపర్ బిగించండి. రబ్బరులో పోత పోసిన స్టడ్‌ను అతిగా బిగిస్తే రబ్బరులో అది గిర్రున తిరిగిపోతుంది, ఇక ఆ స్టాపర్ పనికిరాదు. వాషర్ గట్టిగా కూర్చున్న తర్వాత ఇంకొక పావు చుట్టు చాలు. ఎదురుగా యాక్సిల్ మీద అది తాకే పలక వంగి ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి. మార్గమధ్యంలో స్టాపర్ ఊడిపోతే పాత టైరు ముక్కలు కోసి కట్టే అలవాటు కొందరికి ఉంది. ఇంటికి చేరడానికి సరే, కాని ఆ ముక్క మెల్లమెల్లగా నలగదు, దాదాపు ఇనుములాగే గుద్దుతుంది.

8. కొత్త షాకబ్జార్బర్‌ను బిగించే ముందు నిలువుగా పట్టుకుని, పూర్తిగా లాగి పూర్తిగా నొక్కడం ఐదారుసార్లు చేయండి. దుకాణంలో అడ్డంగా పడి ఉన్నప్పుడు లోపలికి చేరిన గాలి పోవడానికే ఇది. నొక్కేటప్పుడు మధ్యలో ఖాళీగా జారిన అనుభూతి పోయి, మొదటి నుంచి చివరి వరకు ఒకే రకమైన బిగువు తెలియాలి. అప్పటికీ తెలియకపోతే దుకాణానికి తిరిగి తీసుకెళ్లండి. గ్యాసు రకమైతే దానికి కట్టిన పట్టీని ఒక చివర బిగించేదాకా తెంచవద్దు. రాడ్డును ప్లయర్‌తో పట్టుకోవద్దు, దాని మీద పడే ఒక్క గీత చాలు సీలును కోసేయడానికి.

9. పై కన్నును ముందు ఎక్కించి, నట్టును చేత్తో పట్టినంత వరకే తిప్పండి. కింది కన్ను బోల్టుకు ఎదురుగా రాకపోతే సుత్తితో కొట్టవద్దు, యాక్సిల్ కింద ఉన్న జాకీని కాస్త ఎత్తండి, కాస్త దించండి. బుష్ బిగువుగా ఉంటే సబ్బు నీళ్లు రాయండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాస్తే సులువుగా జారుతుంది నిజమే, కాని ఆ నూనెలకు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, కొద్ది నెలల్లోనే పిండిలా రాలిపోతుంది.

10. రెండవ పక్క కూడా ఇలాగే ముగించి, స్టాండ్లు తీసి, బండిని పూర్తిగా చక్రాల మీదికి దించండి. కళ్లలో దూరే బోల్టులను ఇప్పుడు, ఈ స్థితిలోనే, పూర్తిగా బిగించాలి.

ఈ పదవ మెట్టును నేను అనుభవం మీద నేర్చుకున్నాను. మొదటిసారి ఈ పని చేసినప్పుడు, బండి ఇంకా స్టాండ్ల మీద వేలాడుతుండగానే నాలుగు నట్లూ బలమంతా పెట్టి బిగించి, పని చక్కగా అయిందని సంతోషించాను. యాక్సిల్ వేలాడినప్పుడు కన్ను ఉన్న కోణం వేరు, బండి నేల మీద నిలిచినప్పుడు ఉండే కోణం వేరు. వేలాడిన కోణంలో బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలితిరిగిపోయి, నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉండిపోతుంది. మూడు నెలలు తిరక్కుండానే బుష్‌లు నాలుగూ చిరిగి టకటకలు మొదలయ్యాయి. తప్పు సరుకుదని దుకాణం వానితో గొడవ పడి, తర్వాత సిగ్గుపడ్డాను.

బిగించే బలం మీ బండి మాన్యువల్‌లో ఉంటే అదే ప్రమాణం. లేనప్పుడు, తల మీద 8.8 అని ముద్ర ఉన్న బోల్టులకు, ఎం10 అయితే సుమారు 45, ఎం12 అయితే సుమారు 80, ఎం14 అయితే సుమారు 130 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. కన్నుకు బదులు మర రాడ్డు, రెండు పక్కల రబ్బరు ఉండే రకానికి ఈ లెక్క వర్తించదు. రబ్బరు ఉబ్బి వాషర్ అంచుతో సమానమైనప్పుడు ఆపివేయాలి. నైలాక్ నట్లను రెండవసారి వాడవద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో చూడడం

ముందుగా బండిని నిలిపి, స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి, టైరు గాని బ్రేకు హోస్ గాని కొత్త షాకబ్జార్బర్‌ను తాకడం లేదని చూడండి. తర్వాత ఇంటి దగ్గరి స్పీడ్ బ్రేకర్‌ను గంటకు 15, 20 కి.మీ. వేగంతో దాటండి. వెనుక భాగం ఒకసారి లేచి, దిగి, కుదురుకోవాలి. కొత్త షాకబ్జార్బర్లతో ఖాళీ బండి మునుపటి కంటే గట్టిగా అనిపించడం సహజం, దానికి కంగారు పడనవసరం లేదు. ఔటర్ రింగు రోడ్డు వంటి వేగమైన దారి ఎక్కే ముందు కనీసం ఒక రోజు ఊళ్లోనే నడిపి, మరునాడు నట్లన్నీ ఒకసారి తడిమి చూడండి. 500 కి.మీ. తర్వాత టార్క్ రెంచితో మరొకసారి చూడాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు కనుక ఈ పనిని ఆ తేదీకి రెండు మూడు వారాల ముందే పెట్టుకుంటే, ఈ రెండవ బిగింపు కూడా అంతలోపే పూర్తవుతుంది.

పాత షాకబ్జార్బర్ల నూనెను మోరీలో పోయవద్దు. వాటిని కోయకుండా అలాగే తుక్కు కొనేవారికి ఇచ్చేయండి.

చివరిగా స్టాపర్ పరీక్ష. స్టాపర్ తాకే చోట యాక్సిల్ పలక మీద తడి సున్నం పల్చగా పూసి, ఆరనిచ్చి, మీరు మామూలుగా వేసే లోడుతో మామూలుగా వెళ్లే దారిలోనే ఒక ట్రిప్పు వేసి రండి. సున్నం మధ్యలో చిన్న గుండ్రటి మచ్చ పడితే స్టాపర్ అప్పుడప్పుడు, అవసరమైనంతే తాకుతోందని అర్థం. సున్నం చెక్కుచెదరకపోతే ఆ దారిలో దానికి పని పడలేదంతే, అది లోపం కాదు. సున్నం మొత్తం తుడుచుకుపోయి, రబ్బరు అడుగు కూడా తెల్లబడితే బండి ఆ ట్రిప్పు అంతా స్టాపర్ల మీదే నడిచిందన్నమాట, కాబట్టి కమాన్ కట్టలను విప్పించి చూపించాలి. ఒక పక్క మాత్రమే మచ్చ పడితే ఆ పక్క కట్టలో ఆకు విరిగిందేమో, లోడు ఒక పక్కకే పేర్చారేమో చూసి, ఇంకొకసారి సున్నం పూసి మళ్లీ ఒక ట్రిప్పు వేయండి.